బిల్లు వద్దన్న మందు

అమ్మ గుండె మాత్రలను బేరమాడి, బిల్లు వద్దని, జూజువాడిలో సగం ధరకే కొన్న మొనగాణ్ణి నేను. అంగళ్లలో పెరిగినవాణ్ణి కదా! కృష్ణగిరి బస్సులో ఆ గొప్ప పక్క సీటామెకు చెప్పుకున్నాను. కిటికీ దగ్గర అమ్మ కునుకు తీస్తోంది.

మందుల కంపెనీలో పనిచేస్తానంటూ ఆమె నా చేతిలోని మాత్రల డబ్బా మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసింది. ముఖం మారిపోయింది.

"డబ్బాకొక నంబరప్పా. బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ లెక్కలో ఎక్కితే ఎవరూ మార్చలేరు. ఈ నంబరు డబ్బా పోయిన నెలే సేలంలో అమ్ముడైపోయింది. డబ్బా మీది అచ్చును ఫోటో తీసి చూసినా ఫోను నకిలీ అంటా ఉండాది."

"మరి లోపలుండేది ఏందమ్మా?"

"అది ఫోను చెప్పదప్పా. అమ్మ ఎన్ని మింగినారు?"

కుందారపల్లి దాటేలోపు డబ్బా విప్పి లెక్కపెట్టాను. ముప్పై మాత్రల్లో పదకొండు మిగిలాయి. పంతొమ్మిదీ నా చేత్తోనే ఇచ్చాను.