నీటిపిల్లికి టచింగ్

ఈమధ్య మా మనవలు సఫారీకి వెళ్లొచ్చి, మసక చీకట్లో తీసిన చిరుతపులుల ఫోటోలు చూపించారు. కళ్లు, మీసాలు, మీసం కొసన నీటిబొట్టు కూడా పడ్డాయి. బాగున్నాయన్నాను. డెబ్బైలలో మా రేపల్లె వైపు సఫారీ అంటే పెళ్లికొడుకులు కుట్టించుకునే సూటు. అయినా నేనూ ఒక సఫారీ చేశాను, సైకిలు వెనక కూర్చుని, మా మేనమామ చేపల చెరువు గట్టు మీదికి.

అప్పట్లో నాకు బాపట్లలో ఉద్యోగం, మెళ్లో ఎప్పుడూ ఒక కెమెరా. మామయ్య చెరువులో బొచ్చెచేపలు మాయమవుతున్నాయి. ఆయన అనుమానం చెరువు కావలి కాసే మనిషి మీద. అతనేమో, "జమ్ములోంచి ఒక పిల్లి వస్తందండి. ఒంటినిండా మచ్చలండి. నీళ్లలో దూకి చేపని నోట కరుచుకుపోతంది" అనేవాడు.

"గోడ మీద పిల్లిని చూశాం గానీ నీళ్లలో పిల్లేంటిరా?" అన్నాడు మామయ్య. వచ్చే ఆదివారంలోగా ఆ పిల్లిని చూపించాలి, లేదా పని మానెయ్యాలి. పని పోతే గట్టు మీద పాక కూడా పోతుంది. అందులో అతని పెళ్లాం, పిల్లలు ఉన్నారు.

ఫోటో తీసుకొస్తానని నేను మాటిచ్చాను. మాటివ్వడానికి వెలుతురు అక్కర్లేదు కదా.

ఆ పిల్లి పొద్దు గుంకాక గానీ రాదు. ఫ్లాష్ వెలిగిస్తే మళ్లీ మొహం చూపించదు. చేపల మేతకు తెచ్చిన తవుడు బస్తా మీద కెమెరా ఆనించి, బటన్ చాలాసేపు నొక్కి పట్టుకుంటే తప్ప ఆ మసక వెలుగులో ఏదీ పడదు. జమ్ము కదిలినప్పుడల్లా అదేననుకుని రోలంతా అలాగే ఖర్చు చేశాను. చివరి ఫోటో మిగిలి ఉండగా వచ్చింది. పాక వెనక నీళ్లు కలుక్కుమన్నాయి. తడిసిన ఒళ్లు, నోట్లో కొట్టుకుంటున్న చేప. గట్టెక్కి, కావలి అతనూ నేనూ నక్కిన వైపు చూస్తూ నిలబడిపోయింది. పెళ్లి గ్రూపు ఫోటోల్లో కదలకండి బాబూ అని ఎంత మొత్తుకున్నా వినని జనాన్ని చూశాను. ఈ పిల్లికి ఎవరూ చెప్పలేదు. దోమలు చెవులు పీకుతున్నా నేను కదల్లేదు. అంత అందమైన జంతువుని నేను అంతకు ముందు చూడలేదు.

రోలు తెనాలి స్టూడియోకి ఇచ్చాను. ఆ స్టూడియో ఆయన టచింగ్‌కి పేరుమోసిన మనిషి. అమ్మవారు పోసిన మచ్చలైనా సరే, ఫిల్ము మీద సన్నగా పెన్సిలు పెట్టి మాయం చేసేవాడు. అటు కొలకలూరు, ఇటు అమృతలూరు నుంచి కూడా సంబంధాల ఫోటోలకి ఆయన దగ్గరికే వచ్చేవారు.

శనివారం వెళితే ఎదురొచ్చి మరీ కవరు చేతిలో పెట్టాడు. "మిగతావన్నీ మసేనండి. ఈ ఒక్కటీ బాగా పడింది. పాపం, ఒళ్లంతా మచ్చలండి దానికి. ఒక్కటి మిగలకుండా తీసేశాను. మీసాలు కూడా కాస్త నల్లగా దిద్దాను. డబ్బులొద్దులెండి."

ఫోటోలో నున్నటి పెంపుడు పిల్లి, పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పెన్సిలంతా తుడిచి మళ్లీ వేయమన్నాను. ఆయన తుడవబోతే ఫిల్ము మీది పొర కూడా లేచిపోయింది. ఆ ఒక్క కాపీనే పట్టుకుని రేపల్లె బస్సెక్కాను.

ఆదివారం మామయ్య అరుగు మీద కూర్చుని ఫోటో అటూ ఇటూ తిప్పి చూశాడు. కావలి అతను కింద నిలబడ్డాడు.

"మచ్చలేవిరా?"

"స్టూడియోలో తుడిచేశారు మావయ్యా."

"తుడవడమేంటి? ఉన్నది ఉన్నట్టు పడేదే కదా ఫోటో. మనింటి పిల్లి నోట్లో చేప పెట్టి ఇద్దరూ కలిసి నాటకాలాడతారా? ఒరేయ్, రేపటికల్లా పాక ఖాళీ చెయ్యి."

అతను నా వైపు చూశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తయ్య తలెత్తకుండానే అంది. "ఎందుకు తుడవరండీ? దూరాన ఉద్యోగం, రాలేడంటే అల్లుడి ఫోటో చూసే కదా సంబంధం ఖాయం చేశారు. అదీ ఆ స్టూడియోలో తీసిందే. ఒక్క మచ్చయినా కనపడిందా? ఎదురుకోలప్పుడు కదా అందరం చూశాం."

అల్లుడు బంగారంలాంటి మనిషి, అది వేరే సంగతి. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఫోటో బోర్లించి నా చేతికిచ్చాడు.

"సరేరా, దానికి మచ్చలున్నాయి. నువ్వెళ్లి చెరువు చూసుకో" అన్నాడు కావలి అతనితో. అతను గేటు దాటిందాకా ఆగి, గొంతు తగ్గించి నాతో అన్నాడు.

"అల్లుడుగారు వచ్చినప్పుడు మాత్రం ఈ పిల్లి ఊసెత్తకు."