చావనన్న మరుగుజ్జు

బెజవాడ చరిత్ర రాసినవాళ్ళు కృష్ణ ఆనకట్ట గురించి రాశారు, రైలు వంతెన గురించి రాశారు, వరదల గురించి సంవత్సరాలతో సహా రాశారు. కాని రామలింగం ఎవరితో మాట్లాడినా తల పైకెత్తేవాడు కాడన్న మహత్తర విషయాన్ని ఒక్కరూ ముట్టుకోలేదు. రామలింగం మూడడుగుల రెండంగుళాల మనిషి. ఎదుటివాడి చొక్కా కింది బొత్తాంతో మాట్లాడేవాడు. మాట సరిగ్గా వినపడాలంటే ఎదుటివాడే వంగాలి. ఈ పద్ధతిలో అతని ముందు ఒక తాసీల్దారు, ఇద్దరు ప్లీడర్లు, ఒక స్టేషను మాస్టరు నడుములు వంచారు. అంతకు పూర్వం ఆ నడుములు తమకంటే కిందివాడికి వంగిన దాఖలా లేదు.

పుట్టింది నేతవారింట. మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్ళు తొక్కుడు చెక్కలకు అందేవి కావు. అందుచేత ఇంట్లో ఆడవాళ్ళతోపాటు రాట్నం ముందు కూర్చుని ఇరవై ఏళ్ళు కండెలు చుట్టాడు. రాట్నం రొదను మించి పాడీ పాడీ గొంతు సాగింది. గొంతు సాగినట్టు మనిషి సాగలేదని తల్లి సీతమ్మ బాధ. మనిషి సాగి ఉంటే గొంతు సాగేది కాదని కొడుకు జవాబు.

నాటకాల కంట్రాక్టరు చౌడయ్య అతన్ని కంపెనీలో చేర్చుకుంది గొంతు కోసం కాదు. ఆయన ఆడించే జానపద నాటకంలో గుహలో ఉండే మరుగుజ్జు ఒకడున్నాడు. ఇలాంటి కథల్లో ఒక ఏర్పాటుంది. నిధి తాళంచెవి మరుగుజ్జు దగ్గరుంటుంది. ఏడు సముద్రాల అవతలికి దారి మరుగుజ్జుకే తెలుసు. రాక్షసుడి ప్రాణం ఏ చిలకలో ఉందో అతన్నే అడగాలి. రాకుమారుడి దగ్గరుండేది పొడుగు ఒక్కటే. అయినా చివరికి చచ్చేది మరుగుజ్జు, రాజ్యం ఏలేది పొడుగు.

జనం ఈ ఏర్పాటును పూర్తిగా నమ్మారు. రామలింగం వీధిలో కనపడితే పిల్లలు అమ్మ కొంగు చాటు నుంచి తొంగిచూసేవారు. పెద్దలు మాత్రం పక్కకు పిలిచి, మా పెరట్లో లంకెబిందెలేమన్నా ఉన్నాయా అని అడిగేవారు. రాకుమారుడి వేషం వేసే గుణదల ఆమోసును రాజ్యంలో వాటా ఇమ్మని ఎవరూ అడగలేదు.

ఇంతటి మరుగుజ్జుకు నాటకంలో ఒక్క పద్యమైనా లేదు. కిచకిచ నవ్వాలి, రెండో అంకంలో కత్తిపోటు తిని పడిపోవాలి. నలభై ఆటలు పడిపోయాక రామలింగం నాటకం రాసిన సాంబమూర్తి పంతులు దగ్గరికి వెళ్ళాడు.

"పంతులుగారూ, చచ్చేముందు ఒక్క పద్యం రాసిపెట్టండి."

సాంబమూర్తి వంగాడు. "మరుగుజ్జుకి పద్యమేవిటయ్యా? శాస్త్రం ఒప్పుకోదు."

"ఏ శాస్త్రమండీ?"

"నేను రాసిందే."

చౌడయ్య కలగజేసుకున్నాడు. "నువ్వు ఊరికే నిలబడితేనే జనం నవ్వుతున్నారు గదా లింగం. మళ్ళీ పద్యమెందుకూ?"

"నవ్వినన్నాళ్ళు నవ్వారండీ. ఇహ వినమనండి. పద్యం లేకపోతే నేను చావను."

ఇది బెదిరింపు అని ఎవరికీ తోచలేదు. చావనన్నవాణ్ణి చూసి ఎవరు భయపడతారు?

అది పంతొమ్మిదివందల నలభై రెండో సంవత్సరం. జపానువాళ్ళ బాంబుల భయంతో రాత్రి దీపాలు పెట్టవద్దని ఆర్డర్లొచ్చి నాటకం మధ్యాహ్నం మూడింటికే ఆడుతున్నారు. రేకుల హాలు కిక్కిరిసింది. రెండో అంకంలో ఆమోసు చెక్కకత్తి దూసి రామలింగాన్ని పొడిచాడు. రామలింగం నిలబడే ఉన్నాడు.

"పడవయ్యా," అన్నాడు ఆమోసు పళ్ళ బిగువున.

"పడను."

మళ్ళీ పొడిచాడు. "నీకు దణ్ణం పెడతా, చావు బాబూ!"

"పద్యమేదీ?"

"గట్టిగా పొడువు ఆమోసూ! అన్నం తిన్లేదా?" అని వెనక బెంచీలవాళ్ళు కేకలేశారు. ఆమోసు గట్టిగానే పొడిచాడు. కత్తి రెండు ముక్కలై చేతికి గుచ్చుకుంది. "అబ్బా!" అన్నాడు.

హార్మోనియం కాశిం కళ్ళు మూసుకుని వాయించే విద్వాంసుడు. స్టేజీ మీద "అబ్బా" అని వినపడితే మరుగుజ్జు చచ్చినట్టు, రాకుమారుడి విజయపద్యానికి శ్రుతి ఇవ్వాలి. నలభై ఆటలుగా అదే గుర్తు. ఇచ్చాడు. ఆమోసు చెయ్యి చప్పరించుకుంటున్నాడు. రామలింగం పద్యం ఎత్తుకున్నాడు. శత్రువు కూలాడు, ఈ భూమి నాది, రాకుమారి నాది అని దాని భావం. నలభైసార్లు కింద పడుకుని విన్నవాడికి పద్యం రాదా?

మొదటి పాదానికి నవ్వారు. రెండో పాదానికి నవ్వు ఆగింది. చివరి రాగం రేకులకు తగిలి దిగేసరికి హాలంతా "వన్స్ మోర్!" అని లేచింది. ఆ రోజుల్లో వన్స్ మోర్ అంటే శవాలు కూడా లేచి నిలబడి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవి. ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు. మూడోసారికి కాశిం కళ్ళు తెరిచి, ఎవరు పాడుతున్నారో చూసి, "కానీ భాయ్, కానీ," అని ఇంకాస్త శ్రుతి పెంచాడు. పద్యమూ కత్తీ రెండూ పోయిన రాకుమారుడు పక్కకు తప్పుకున్నాడు.

తెర దించి చౌడయ్య నెత్తి కొట్టుకున్నాడు. "మూడో అంకంలో పెళ్ళి ఎవరికి చెయ్యనురా?"

"రాజ్యం నా దగ్గరుంది, తాళంచెవి నా దగ్గరుంది. ఇంకా అడుగుతారేవిటండీ?"

ఆ పూట పెళ్ళి జరగలేదు. మర్నాడు సాంబమూర్తి పద్యం రాసిచ్చాడు. అందులో పొట్టి అన్న మాట ఉండకూడదని రామలింగం షరతు పెట్టాడు, పంతులు ఒప్పుకున్నాడు. పద్యం అయిన వెంటనే చచ్చిపోవాలని చౌడయ్య షరతు పెట్టాడు, రామలింగం ఒప్పుకున్నాడు.

రాజ్యమూ రాకుమారీ లేని ఆ చావు పద్యాన్ని అతను ఆరేళ్ళు పాడాడు. ఒక్కసారి కూడా ఎవరూ మళ్ళీ పాడమనలేదు.