వినవే నల్లదానా!

మా మేనత్త మనుషులతో మాట్లాడదు, కోళ్ళతో మాట్లాడుతుంది. అదీ ముద్దుగా, మెల్లగా కాదు. వీధి చివర మందుల షాపులో కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి లేచి "ఏ మందు కావాలండీ?" అని అడిగేటంత గట్టిగా.

మనుషులతో బొత్తిగా మాట్లాడదంటే కళ్ళు పోతాయి. 'రండి', 'ఊఁ', 'అలా పెట్టండి' వరకూ మనుషులకి దక్కుతాయి. అంతకు మించి ఆవిడ నోట్లోంచి ఒక్క ముక్క రావాలన్నా అది కోళ్ళ పేరనే రావాలి. ఆవిడకి అయిదారు కోళ్ళుండేవి. అందులో నల్లపెట్ట అంటే పంచప్రాణాలు.

మామయ్యది ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు బాగుచేసే పని. ఇంటి ముందుగదే షాపు. వెనకగదిలో వాళ్ళ కాపురం, మేడమీద గదిలో నేను. ప్రెస్సువాళ్ళిచ్చే ప్రూఫులు దిద్దుకుంటూ బతికేవాణ్ణి. ఆ పనికి నిశ్శబ్దం కావాలి. అత్తయ్య ఉన్న ఇంట్లో నిశ్శబ్దం కోరుకోవడమంటే రైలుపట్టాల మీద పడుకుని నిద్ర పట్టడంలేదని ఏడవడమే. ఒకసారి ఆవిడ కోళ్ళని లేపే గోలలో నేను దిద్దిన గుండెజబ్బుల పుస్తకంలో 'రోగి ఉదయాన్నే గంప కింద నుంచి లేవవలెను' అని అచ్చయింది. ఆ ప్రెస్సు మళ్ళీ నాకు వైద్యం పుస్తకం ఇవ్వలేదు.

షాపు గుమ్మంలో రోజూ ఒకటే తంతు. ఫ్యాను చంకన పెట్టుకుని ఎవరో వస్తారు.

"ఏమండీ, ఇది నిన్నటినుంచి కిర్రుమంటోంది."

బల్ల వెనక మామయ్య తలెత్తి చూస్తాడు. అత్తయ్య మాత్రం గుమ్మంలో గింజలు ఏరుకుంటున్న కోడివైపు వంగుతుంది.

"వినవే నల్లదానా! ఈయన ఫ్యాను నిన్నటినుంచి కిర్రుమంటోందట! వినబడిందా?"

"సాయంత్రానికి ఇచ్చేస్తారా?"

"సాయంత్రానికే కావాలటే! మనుషులకి ఇంత తొందరేమిటే నల్లదానా! వినబడిందా?"

నల్లపెట్ట తల ఒకసారి ఎగరేసి మళ్ళీ గింజల్లో పడేది. మామయ్య నెమ్మదిగా తలూపేవాడు. వచ్చినవాడు మామయ్యకేసి జాలిగా చూసి, ఫ్యాను బల్లమీద పెట్టి, వీలైనంత త్వరగా వీధిలోకి జారుకునేవాడు.

మామయ్యంటే వీధికి ఎప్పుడూ గౌరవమే. ఆయన చెవికి అంత పేరుండేది. మోటారు ఒక్కసారి తిప్పి చెవి ఒగ్గితే చాలు, లోపల ఎక్కడ ఏం అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. రెండేళ్ళుగా ఆ చెవి ఒగ్గడం కూడా మానేశాడు. కళ్ళు మూసుకుని మోటారు మీద వేళ్ళు ఆనించి చెప్పేస్తున్నాడు. అనుభవం ముదిరితే అంతేనని, ఇక చెవులతో కూడా పని ఉండదని అందరూ మెచ్చుకున్నారు. మాట మాత్రం బాగా తగ్గించేశాడు. నేను మెట్లమీంచి పలకరిస్తే ఒక్కోసారి తలైనా తిప్పేవాడు కాదు. పెళ్ళాం తరఫువాళ్ళంటే ఎంత చులకనో అని నాకు ఒళ్ళు మండేది.

"పాపం, ఆ గయ్యాళి నోటికి దడిసి ఆయన నోరు కట్టేసుకున్నాడు," అనేవాళ్ళు వీధిలో. "కోళ్ళకి కబుర్లు చెప్పడమేమిటండీ, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు!" అని నవ్వేవాళ్ళు. మా నాన్న, ఆవిడకి సొంత అన్న, ఒకసారి వచ్చి రెండు గంటలు కూర్చుని, "దీనికి మతి చలించింది" అని తేల్చి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అందరికన్నా కడుపుమంట ఎదురింటి వకీలమ్మకి. వకీలు ఆవిడ భర్త. వాదనలన్నీ మాత్రం ఆవిడవే. అత్తయ్య గొంతు లేచినప్పుడల్లా ఆవిడ కిటికీ రెక్కలు ధడాలున మూసేది. అత్తయ్య అరుపుకన్నా ఆ మోతే నాకు ఎక్కువ చిరాగ్గా ఉండేది.

ఈ వకీలమ్మకి దూడంత కుక్క ఒకటుంది. అది సాధుజంతువని ఆవిడ వీధిలో అందరికీ చెప్పింది, కుక్కకి తప్ప.

ఒక మధ్యాహ్నం అత్తయ్య సబ్బులకని బజారుకి వెళ్ళింది. వకీలమ్మ గేటు తీసి ఉంది. నేను పైన ప్రూఫుల మీద ఉన్నాను. కింద కోళ్ళు గగ్గోలు పెట్టాయి. అత్తయ్య ఇంట్లో గగ్గోలుకి లేచి పరిగెత్తే అలవాటు ఎవరికుంటుంది? ఆ గోలలో అత్తయ్య గొంతు లేదన్న సంగతి తట్టి, నేను మెట్లు దిగేసరికే అంతా అయిపోయింది. వాకిలంతా ఈకలు. కుక్క సందు మలుపు తిరిగి పోతోంది. అన్నిటికన్నా విడ్డూరం, మామయ్య బల్ల దగ్గరే, వాకిలికి వీపు పెట్టి, తాపీగా తీగ చుట్టుకుంటున్నాడు.

వీధివాళ్ళు అదీ చూశారు. "చూశారా! కోళ్ళమీద ఎంత కసి ఉంటే అలా కూర్చుంటాడు!" అన్నారొకరు. "ఆయన స్థానంలో నేనుంటే కుక్కకి బిస్కెట్టు పెట్టేవాణ్ణి," అన్నాడు మందుల షాపువాడు.

అత్తయ్య వచ్చింది. వాకిట్లో సబ్బులు పడేసి, ఈకల మధ్య మోకాళ్ళమీద కూలబడింది. అరవలేదు. ఆవిడ అరవకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. రెండే రెండు ప్రాణంతో ఉన్నాయి. గోధుమరంగు దానికి రెక్క విరిగింది. నల్లదానికి మెడ చీరుకుపోయి, తల పక్కకి వేలాడుతోంది. మామయ్యని నేను భుజం పట్టి తిప్పాను. ఆయన వాకిలి చూశాడు. తీగచుట్ట ఆయన చేతిలోంచి దొర్లిపోయింది.

పశువుల డాక్టరు వచ్చి గాయం చుట్టూ ఈకలు కత్తిరించి, ఉప్పునీళ్ళతో కడిగి, మెడకి కుట్లు వేశాడు. రెక్కని ఒంటికి ఆనించి గుడ్డతో కట్టాడు.

"గాయం కన్నా హడలు ఎక్కువగా ఉందమ్మా నల్లదానికి," అన్నాడు. "చీకటి గదిలో వెచ్చగా ఉంచండి. గొంతులో చుక్కచుక్కగా నీళ్ళు పోయండి. ముఖ్యంగా చప్పుడు కాకూడదు. గట్టిగా అరిస్తే చాలు, గుండె ఆగిపోతుంది." సంచి సర్దుకుంటూ, "ముఖ్యంగా మీరు," అన్నాడు. అత్తయ్య కీర్తి ఆయనదాకా పాకినట్టుంది.

"ఎన్నాళ్ళు?" అంది అత్తయ్య.

"అది మెడ నిలబెట్టి కొక్కొక్కోమనేదాకా."

అత్తయ్య కోడికేసి చూడలేదు. షాపుకేసి చూసింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆనాటినుంచి అత్తయ్య వెనకగదిలో తలుపేసుకుంది. కిటికీకి దుప్పటి కట్టింది. గంపలో పాత గుడ్డలు పరిచి రెండిటినీ పడుకోబెట్టింది. మామయ్య పైన ఒక బల్బు వేలాడదీసి, కింద అరచెయ్యి పెట్టి వేడి చూసి, అంగుళం దించి, అంగుళం లేపి, పెళ్ళికూతురి గది సర్దినట్టు సర్దాడు. పని మధ్యలో లేచి వెళ్ళి, నల్లదాని రొమ్ముమీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. అత్తయ్య ఆయన మొహంకేసి చూసేది. ఆయన తలూపితే మళ్ళీ ఊపిరి పీల్చుకునేది. మెత్తగా మెదిపిన గుడ్డుసొన కోడికి చిటికెన వేలితో తినిపించేది. "కోడికి కోడిగుడ్డా అత్తయ్యా?" అన్నాను. "నోర్ముయ్యరా," అని పెదవులతోనే తిట్టింది. చప్పుడు లేకుండా తిట్లు తినడం నాకు అదే మొదలు.

వీధికి పండగే అనుకున్నాను. కానీ షాపులో వ్యవహారం తిరగబడింది. ఎవరేం చెప్పినా మామయ్య తలూపడం మొదలుపెట్టాడు.

"దీన్ని ఇక పారేయమంటారా?" అని అడిగాడొకడు, నిక్షేపంలాంటి ఫ్యాను చూపించి. మామయ్య తలూపాడు. వాడు తీసుకెళ్ళి పారేశాడు.

"మా మిక్సీ పాడైపోవడానికి మా అత్తగారే కారణమంటారా?" మామయ్య తలూపాడు. ఆ ఇంట్లో మూడురోజులు పొయ్యి వెలగలేదని విన్నాను.

"కోళ్ళ పీడ పోయిందిగా, అందుకే ఆయనకి ఆ పొగరు," అంది వీధి. నిన్నటిదాకా జాలిపడ్డ నోళ్ళే. జాలికి ఉన్నంత తక్కువ ఆయుష్షు ఇంక దేనికీ ఉండదు.

అప్పుడు వచ్చింది వకీలమ్మ. కుక్క మీద పడ్డ మచ్చ చెరిపేసుకోవాలని, నలుగురూ చూసేవేళ చూసుకుని మరీ వచ్చింది.

"మెకానిక్ గారూ, లోకం ఏదేదో అంటోంది. మీ కోళ్ళని చంపింది మా కుక్కేనని మీరూ అంటారా?"

మామయ్య ఆవిడ మొహంలోకి చూసి తలూపాడు.

"అంటే మా ఇంటి పెంపకం మంచిది కాదంటారు!"

తలూపాడు.

"కళ్ళముందు ఈకలు కనబడుతున్నా నేను బుకాయిస్తున్నానంటారు!"

ఈసారి చిన్నగా నవ్వి, ఇంకాస్త మర్యాదగా తలూపాడు.

"అయితే నాకు సిగ్గూ శరమూ లేవంటారు!"

మామయ్య కుర్చీలోంచి లేచి మరీ తలూపాడు. నిజానికి నాలుగింటికీ సరైన జవాబే చెప్పాడు. లోకంలో సరైన జవాబుని మించిన నేరం లేదు. వకీలమ్మ ముక్కుపుటాలు అదిరాయి. వీధి మొత్తం గుమ్మంలో పోగైంది. నేను మేడ దిగి వచ్చాను.

"నోటితో చెప్పరేం?" అంది వకీలమ్మ. "ఏం, చెవుడా?"

వెనకగది తలుపు తెరుచుకుంది. నల్లకోడిని గుడ్డలో చుట్టి గుండెలకి హత్తుకుని అత్తయ్య నిలబడి ఉంది. ఆవిడ చూపు కోడి మీద లేదు, మొగుడి మీద ఉంది. అరవడానికి ఊపిరి తీసుకుంది. కోడి రెక్కలు వణకడం మాకందరికీ కనబడింది.

మేమంతా అటు చూస్తున్నామని మామయ్యా తిరిగాడు. ఒక్క అంగలో వెళ్ళి అరచెయ్యి ఆవిడ నోటికి అడ్డం పెట్టాడు.

"అరవకు," అన్నాడు. "చచ్చిపోతుంది."

ఆ చెయ్యి తియ్యకుండానే వీధికేసి తిరిగాడు.

"నాకు వినబడదు, ఈవిడ అరుపు తప్ప. రెండేళ్ళయింది, విషజ్వరం ఒకటి వచ్చిపోయినప్పటినుంచి. మీరు నాతో చెప్పేవన్నీ ఈవిడ కోళ్ళకి అరిచి చెప్తుంది, నేను ఇక్కడ వింటాను. మొన్న కోళ్ళు పక్కనే ప్రాణాలకోసం కొట్టుకుంటే నాకు వినబడలేదు. ఇప్పుడు నా పరువు కోసం ఈవిడ అరిస్తే ఇది కూడా పోతుంది. ఇది కోలుకున్నాక రండి, మీ పనులు చేసిపెడతాను."

అత్తయ్య ఆయన చేతి కిందనుంచి ఏదో అంది. మాకెవరికీ వినబడలేదు. ఆయన అరచేత్తో విన్నట్టున్నాడు, తలూపాడు.

చెవిటివాడి ముందు శంఖమని నవ్వాం కదా, ఆవిడ నిజంగా అదే ఊదుతోందని ఎవరికి తెలుసు? మొగుడిమీద అరిస్తే ఆయన చెవిటివాడని లోకానికి తెలిసిపోతుంది. కోళ్ళమీద అరిస్తే తను పిచ్చిదంటారు. రెండో పేరే ఆవిడకి చవగ్గా తోచింది. రెండేళ్ళు ఆ పేరు మోస్తూ, సొంత అన్న గడప తొక్కడం మానేసినా సంజాయిషీ చెప్పుకోకుండా, రోజూ గుమ్మంలో నిలబడి గొంతు చించుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ వీధిమీద కోపమే వస్తుంది.

వీధి కరిగిపోయిందనుకునేరు. తెలియనన్నాళ్ళూ నిక్షేపంగా తిరిగిన ఫ్యాన్లు, తెలిసిన మర్నాటినుంచి ఇళ్ళిళ్ళా కిర్రుమన్నాయి. "చెవిటివాడు బాగుచేస్తే ఇంతే మరి," అన్నారు. "నాకు ముందే అనుమానం," అన్నాడు మందుల షాపువాడు. సగంమంది వేరే షాపు చూసుకున్నారు. మా నాన్న కబురు విని, "ముందే చెప్తే రాకపోయేవాణ్ణా?" అన్నాడు. ఇప్పటికీ రాలేదు.

కోడి మాత్రం వీధికన్నా నయం, కోలుకుంది. ఒక పొద్దున వెనకగదిలోంచి బొంగురుగా కొక్కొక్కోమని వినబడింది. ఆ వెంటనే మందుల షాపువాడు సీసా జారవిడిచాడు.

"వినవే నల్లదానా! బతికావే ముండా! బతికావు! వినబడిందా?"

షాపులో మామయ్య తలూపాడు.

గోధుమరంగు దాని రెక్క అతుక్కుంది. కుట్లు మానాయిగాని నల్లదాని మెడ తిన్నగా రాలేదు. తల ఒక పక్కకి వాలి, చెవి ఒగ్గి శ్రద్ధగా వింటున్నట్టే ఉంటుంది. మామయ్య ఇక దాచేదేం లేదని చెవికి మిషను పెట్టించుకున్నాడు. పెట్టుకున్న మొదటిరోజే అత్తయ్య పక్కనే నిలబడి "వినవే నల్లదానా!" అంది. మామయ్య కుర్చీలో ఎగిరిపడి, మిషను పీకి సొరుగులో పడేశాడు. అది ఇంకా అక్కడే ఉంది.

ఆ తరవాత కొన్నాళ్ళకి వకీలమ్మ మిక్సీ ఆగిపోయింది. ఆవిడ మారిందని నేననను. వేరే షాపువాడు రెండుసార్లు చేసి రెండుసార్లూ పాడుచేశాడు, అంతే. ఆవిడ మిక్సీ పట్టుకుని గుమ్మంలో కాసేపు తచ్చాడింది. మామయ్యకేసి చూసింది, అత్తయ్యకేసి చూసింది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి అటూ ఇటూ చూసి, వంగి, నల్లకోడి మొహంలో మొహం పెట్టి బిగ్గరగా అరిచింది.

"ఏమే నల్లదానా! మా మిక్సీ తిరగడంలేదు! వినబడిందా?"

కోడి తల వాల్చి విన్నది. అత్తయ్య గింజల గిన్నె కింద పెట్టి, మొదటిసారిగా వకీలమ్మతో, మనిషితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడింది.

"అంత గట్టిగా అరవకండి. దానికి చెవుడు లేదు."

బల్ల వెనక మామయ్య, ఏం విన్నాడో ఏమో, పెద్దగా నవ్వుతూ తలూపాడు.