రేడియో బావగారి చెవులు

ఆఁ, రేడియో బావగారి చెవుల దగ్గర కదా మనం ఆగాం! నలభై ఏళ్లుగా రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేస్తున్న మనిషాయన. "నీ చెవులు పోయాయి బావా, ఇక కొట్టు మూసేద్దాం" అనేశాడు, కొట్లో తోడుండే బావమరిది. ఆ మాట బావగారికి ముల్లులా గుచ్చుకుంది.

తేల్చుకుందామని భార్యతో కలిసి ఖరీదైన సౌండ్ సిస్టమ్‌ల ప్రదర్శనకెళ్లాడు. మొదటి గదిలో గాయని ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది, ఆహా! రెండో గదిలో స్పీకర్లు ఒక్కోటీ కారంత ఖరీదట. పాటేమో గోడల్లోంచి వస్తోంది, డ్రమ్ములో దమ్మే లేదు. చుట్టూ అందరూ కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. బావగారు తన చెవులు తడుముకున్నాడు. నిజంగానే పోయాయా?

"ఇదేంటండీ, పాట నీళ్లు కలిపిన పాలలా ఉంది?" అని గొణిగింది భార్య.

బావగారు దిగ్గున లేచాడు. "ఒక స్పీకర్‌కి వైర్లు తిరగేసి పెట్టారు, చూడండి!"

"దీని ధరెంతో తెలుసా సార్?" అని నవ్వుతూనే వెనక్కి వంగాడు కంపెనీ ఆయన. నవ్వు ఆగిపోయింది. ఎర్ర వైరు నల్లదాని చోట ఉంది! మార్చగానే గాయని గోడలు వదిలి మధ్యలోకొచ్చి నిలబడింది. గదంతా చప్పట్లు!

"మా తమ్ముడి నోరు మూయించండి!" అంది భార్య.

"ఆగవే, బయటికెళ్లగానే ఫోన్ చేస్తా. రేపు పొద్దున్నే కొట్టు తియ్యమంటా."