థీసిస్ చదువుతుంటే ఊ కొట్టారు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, చూసిందెవరు, నువ్వు ఎవరి దగ్గర విన్నావు అని నిలదీసే రకం నేను. చదివింది చరిత్ర. ఆధారం లేని మాట నాకు గిట్టదు. మా ఇంట్లో రోజూ ప్రార్థన ఉండేది గానీ దయ్యాల భయం ఉండేది కాదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేననడం లేదు. నాకు జరిగింది మాత్రం చెబుతాను.

డెబ్భైల్లో బెజవాడలో ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేసేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా అప్పటికే పోయారు. మైలవరంలో అన్నయ్య ఉన్నాడు గానీ, క్రిస్మస్‌కి పిలిస్తే వెళ్ళి రావడం, అంతవరకే. మాచవరంలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేదాన్ని. పొద్దున్నంతా కాలేజీలో గొంతు పోయేలా పాఠం చెప్పి మధ్యాహ్నం ఇంటికొస్తే, ఇక మర్నాటిదాకా ఆ గొంతుతో పని ఉండేది కాదు. పక్క పోర్షన్‌లో ఇల్లుగలావిడ కుళాయి నీళ్ళు వచ్చాయా అని అడిగిన రోజున ఎవరో పలకరించినట్టు లెక్క.

అప్పట్లో బందరు కాలవ మీద పడవలు నడిపినవాళ్ళ గురించి పిహెచ్.డి. చేస్తున్నాను. వాళ్ళు దొరలకు పెట్టుకున్న పాత అర్జీలూ వాంగ్మూలాలే నాకు ఆధారం. రాసిన థీసిస్‌ని గైడుగారు రెండుసార్లు తిప్పి పంపారు.

"సమాచారం బాగుందమ్మా. కానీ నీ సరంగు ఈ పేరాలో కాలవలో పడి చచ్చిపోయాడు. కింది పేరాలో చుక్కాని పట్టుకుని పడవ నడుపుతున్నాడు. ఎలాగ?" అన్నారు.

నవ్వుతూనే అన్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. వాంగ్మూలాల్లో ఆ మనుషులు ఎప్పుడో జరిగిపోయినదాన్ని కూడా పోతున్నాం, వస్తున్నాం అని చెప్పుకుంటారు. చదివీ చదివీ నేనూ అదే వరసలో పడిపోయాను. జరిగిపోయింది జరిగినట్టు రాయమనీ, కాగితం మన ముందుంది గనక అది ఏమంటున్నదో మాత్రం ఇప్పుడు అంటున్నట్టు రాయమనీ, ఈ రెంటినీ కలిపి కిచిడీ చెయ్యొద్దనీ ఆయన చెప్పారు. కళ్ళు మన తప్పుల్ని వెనకేసుకొస్తాయట, పైకి చదివితే చెవి పట్టేస్తుందట. ఆయన ఆ వేసవిలో రిటైరవుతున్నారు. ఈసారీ కుదరకపోతే కొత్త గైడు, మళ్ళీ మొదటికి. నా ఉద్యోగం పర్మనెంటు కావడం ఆ డిగ్రీ మీదే ఉంది.

అందుకని మధ్యాహ్నాలు వెనక గదిలో కూర్చుని, ఒక్కో వాక్యమూ పైకి చదువుతూ దిద్దడం మొదలుపెట్టాను.

ఒక రోజు సరంగు భార్య వాంగ్మూలం దగ్గర ఉన్నాను. 'తెల్లవారుజామున పడవ రేవు వదిలింది. ఆమె గట్టు మీద నిలబడి చూసింది' అని చదివాను.

"ఊ" అని వినిపించింది.

కథ చెబుతుంటే, వింటున్నాను, ఆ తరవాత చెప్పు అని కొడతామే, ఆ ఊ. ఆడగొంతు, వయసు మళ్ళినది.

కిటికీ తెరిచి చూశాను. వెనక సందులో ఎండ తప్ప ఏమీ లేదు. గోడకవతల గదిలో ఇల్లుగలవాళ్ళు తమ ఆటోనగర్ షెడ్డు తాలూకు పాత టైర్లు వేసి తాళం పెట్టారు. పావురాలేమో అనుకున్నాను. కానీ పావురాలు వాక్యం పూర్తయ్యేదాకా ఆగవు.

మర్నాడూ వినిపించింది. ఆ పై రోజూ అంతే. 'ఈ అర్జీ సూచిస్తున్నదేమిటంటే' లాంటి నా పాండిత్యానికి మాత్రం చప్పుడు ఉండేది కాదు. కథ లేనిచోట ఎవరు మాత్రం ఊ కొడతారు? ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఏమయ్యారు అని చదివితే చాలు, ఊ. నేను కాలాలు కలగాపులగం చేసినచోట అది ఆగిపోయేది. వెనక్కి వెళ్ళి దిద్ది మళ్ళీ చదివితే వచ్చేది.

భయం వేయాలి. వేయలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. కాలేజీ వదలగానే రిక్షావాణ్ణి తొందరపెట్టి మరీ ఇంటికొచ్చేదాన్ని.

ఒక సాయంత్రం ఇల్లుగలావిడ గుమ్మంలోకొచ్చారు. "మీ ఇంటికెవరో పెద్దావిడ వచ్చినట్టున్నారండీ? మీరు చదువుతుంటే ఊ కొడుతున్నారు. కాస్త పులుసు పంపుదామని" అన్నారు.

రేడియో అండీ అన్నాను. నా దగ్గర రేడియో లేదని ఆవిడకి తెలుసు. నా ముఖం వంక చూసి, మరేమీ అడక్కుండా వెళ్ళిపోయారు. చరిత్రలో రెండో సాక్షి దొరికితే మాకు పండగే. ఆ సాయంత్రం మాత్రం పండగ కాలేదు. ఇదంతా నా భ్రమే అని లోపల ఒక మూల ధైర్యం ఉండేది, అది పోయింది.

అయినా చదవడం మానలేదు.

గైడుగారు ఈసారి అక్కడక్కడా తిప్పి చూసి, "ఇప్పుడు పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారమ్మా" అని సంతకం పెట్టారు. యూనివర్సిటీ ఊరినుంచి వచ్చి రైలు దిగి, స్వీట్లు కొనుక్కుని ఇంటికొచ్చాను. వేసవి సెలవులు. తోటి లెక్చరర్లు ఊళ్ళో లేరు. ఇల్లుగలవాళ్ళు పెళ్ళికి మంగళగిరి వెళ్ళారు. పొట్లం పట్టుకుని వెనక గదిలో కూర్చుంటే ఏడుపొచ్చింది. థీసిస్ అక్కడే ఇచ్చేసి వచ్చాను, చదవడానికి చేతిలో కాగితం కూడా లేదు.

"ఇవాళ సంతకం అయింది" అన్నాను, గోడ వైపు చూసి. చప్పుడు లేదు. "దారిపొడుగునా ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. ఎవరూ తట్టలేదు."

"ఊ."

ఇక ఆగలేకపోయాను. అమ్మ పోయిన రోజు సంగతి, కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధం సంగతి, ఎవరికీ చెప్పనివన్నీ లైటు వేసే వేళదాకా చెప్పాను. దేనికీ ఊ తప్పలేదు.

తరవాత ఆ గదులు పడగొట్టి మేడ కట్టారు. అది ఎవరో, ఎందుకు విన్నారో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. పొరుగువాళ్ళు, కొలీగ్సు, బంధువులు ఎందరో వచ్చారు, వెళ్ళారు. నేను చెప్పింది మొదటినుంచి చివరిదాకా విన్నవాళ్ళు మాత్రం నా బతుకులో ఆ ఒక్కరే.