అంకెల్లో దొరికిన కొండ

చిత్తూరు జిల్లా చీలి తిరుపతి వేరే జిల్లా అయిన ఏడాది, వేసవి సెలవులు ముగియగానే నాకు చిత్తూరు నుంచి తిరుపతిలోని ఒక పాలిటెక్నిక్ కళాశాలకు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. హోదా పాతదే, కంప్యూటర్ ఇంజనీరింగ్ విభాగంలో సీనియర్ లెక్చరర్. డిప్లొమా రెండో ఏడాది వాళ్ళకు ప్రోగ్రామింగ్ ల్యాబ్ నడపడం నా పని.

ఆ ల్యాబ్‌లో మూడు భాగాలుండేవి. మొదటిది స్ట్రింగులు, అంటే అక్షరాల వరుసలు. పేరులో అక్షరాలెన్నో లెక్కపెట్టడం, పేరును వెనక్కి తిప్పడం, ముక్కలు చేసి మళ్ళీ అతకడం లాంటివి. రెండోది డేటా: మార్కులో వర్షపాతమో పట్టికగా ఇస్తే చదివి సగటు తీయడం. మూడోది ఇమేజ్‌లు. ఫొటోను తెరిచి, రంగులు తీసేసి, చిన్నది చేసి, తెర మీద చూపించాలి. సెమిస్టర్ చివర ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి చీటీ తీస్తాడు. చీటీలో ఏ ప్రయోగం వస్తే దాన్ని, వేరే కళాశాల నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు చేయాలి.

నా బ్యాచ్‌లో మునిలక్ష్మి అనే అమ్మాయి ఉండేది. వడమాలపేట దగ్గర పల్లె. వాళ్ళది చెరకు, వేరుశనగ వేసే కుటుంబం. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పని చేసేది. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకునేది, రెండో చెవి నా పాఠానికి. ఆ గొంతు వేగం ఎంత పెంచుకునేదంటే, ఒకసారి నేను పెట్టుకుని వింటే ఒక్క ముక్క అర్థం కాలేదు.

మొదటి వారమే ఆమె చురుకుదనం నాకు తెలిసింది. తిరుపతి అన్న మాటలో ఎన్ని అక్షరాలని కంప్యూటర్ చెబుతుందో ఊహించమన్నాను. నాలుగని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. మునిలక్ష్మి ఏడంది. ప్రోగ్రాం నడిపితే తెర మీద ఏడే వచ్చింది. మన కంటికి 'తి' ఒక అక్షరం, కంప్యూటర్‌కు 'త' ఒకటి, గుడి ఇంకొకటి. నీకెట్లా తెలుసని అడిగాను. "బ్రెయిలీలో మేం అట్లనే రాస్తాం సార్, గుడికి వేరే గది," అని, వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "అయితే వెనక్కి తిప్పితే గుడి ముందుకొచ్చి ఒంటరిగా నిలబడతాది కదా?" తిప్పి చూశాం. తెర మీద ఏ అక్షరానికీ అంటకుండా ఒక గుడి, దాని కింద చుక్కల సున్నా. నేనూ అప్పుడే మొదటిసారి చూడడం.

స్ట్రింగులు, డేటా అలా సాగిపోయాయి. చిక్కు ఇమేజ్‌ల దగ్గర వచ్చింది.

మా హెడ్ ఆఫ్ సెక్షన్, అంటే విభాగాధిపతి, విజయకుమారి గారు. నిక్కచ్చి మనిషి, విద్యార్థుల మేలు కోరేవారు. చూపు లేని పిల్ల చేత ఫొటోల ప్రయోగాలు చేయించడం హింస అని ఆవిడ అభిప్రాయం. ఆ భాగం నుంచి మినహాయింపు ఇవ్వమని, పరీక్షలు నడిపే సాంకేతిక విద్యా బోర్డుకు రాద్దామన్నారు. అలా రాయకపోతే, పరీక్షలో ఇమేజ్ చీటీ వచ్చి ఆమె చేయలేకపోతే, ల్యాబ్ తప్పినట్టే. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

మినహాయింపు అర్జీ మీద సంతకం కోసం మునిలక్ష్మి నాయనను పిలిపించారు. చెరకు నరుకుతున్న రోజులు, పొలం నుంచి నేరుగా బస్సెక్కి వచ్చినట్టున్నాడు. మేడం చెప్పిందంతా నిలబడే విని, "నాకేం తెలుస్తాది మేడం. సదివేది ఆ పాప. దాన్నే అడగండి," అన్నాడు.

మునిలక్ష్మిని పిలిచి అడిగారు. ఆమె మేడంతో కాకుండా నాతో మాట్లాడింది. "సార్, ఫొటో తెరిస్తే కంప్యూటర్‌కు ఏం కనపడతాది?"

దానికి కనిపించేదేమీ లేదు, అంకెలే ఉంటాయన్నాను. ఫొటో అంటే చిన్న చిన్న గళ్ళు. రంగు తీసేస్తే ఒక్కో గడికి ఒక్కో అంకె మిగులుతుంది. చిక్కటి నలుపు సున్నా, పూర్తి తెలుపు రెండు వందల యాభై ఐదు, మిగతా ఛాయలన్నీ ఆ మధ్యలో.

"అయితే కంప్యూటర్ కూడా నా మాదిరే కదా సార్. నాకు బొమ్మ వద్దు, ఆ అంకెలియ్యండి," అంది.

విజయకుమారి గారు, బోర్డుకు రాయడానికి గడువు ఇంకా ఉంది కాబట్టి రెండు వారాలు చూద్దామన్నారు. నాయన సంతకం పెట్టకుండానే బస్‌స్టాండుకు వెళ్ళిపోయాడు.

ఏ ఫొటో కావాలని అడిగితే మునిలక్ష్మి తడుముకోలేదు. "కొండ కావాలి సార్. ఊళ్ళో అందరూ కొండ కనపడతాంది, మబ్బులో ఉండాది అంటారు. నేను మా నాయన చెయ్యి పట్టుకుని మెట్లన్నీ ఎక్కినాను. నాకు తెలిసిన కొండ మెట్లే. కింద నుంచి ఎట్లుంటాదో తెల్దు."

పక్కన కూర్చునే షబానా, రేణిగుంట నుంచి రోజూ వచ్చే అమ్మాయి, కళాశాల మేడ ఎక్కి ఫోన్‌తో ఫొటో తీసింది. దాన్ని నలభై నిలువు వరుసలకు కుదించాం. ఆ తర్వాత ఏం చేయాలో నేను చెప్పలేదు. ఏం చెప్పాలో నాకు తెలియదు కూడా.

మునిలక్ష్మి ఒక్క నిలువు వరుస తీసుకుని పై నుంచి కిందికి వినడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని నేనూ తెర మీద అంకెలు చూస్తున్నాను. రెండు వందల పది, రెండు వందల పన్నెండు, రెండు వందల తొమ్మిది... అలా వచ్చి వచ్చి ఒక్కసారిగా తొంభై, ఎనభై నాలుగు. మీట మీద ఆమె వేలు ఆగిపోయింది.

"ఈడ ఏమో మారింది సార్."

"పైనున్నది ఆకాశం," అన్నాను. "కింద చీకటిగా ఉన్నది కొండ."

ఆమె ఇయర్‌ఫోన్ తీసేసింది. ఇంత సేపు ఆకాశం విన్నానా అని తనలో తాను అనుకున్నట్టు అంది. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు ఈ అంకెల గురించి చెబుతున్నాను, వాటిని ఆకాశమని ఎవరూ అనలేదు.

ఆ తర్వాతిది కొత్తగా నేర్చుకునేవాళ్ళు రాసే ప్రోగ్రామే. ప్రతి నిలువు వరుసలో అంకె ఎక్కడ పడిపోతుందో వెతకాలి. ఆకాశమైతే ఖాళీ, కొండైతే ఒక గుర్తు. గుర్తులన్నీ అడ్డ వరుసలుగా అతికి స్ట్రింగులు చేసి, ఒక ఫైల్‌లో పెట్టాలి. గుర్తుగా సమానం గుర్తును వాడమని మునిలక్ష్మే చెప్పింది. బ్రెయిలీ ప్రింటర్‌కు ఆ గుర్తు పంపితే ఆరు చుక్కలూ నిండిన గది అచ్చవుతుందట. జాబితాను స్ట్రింగ్‌గా అతకడమెట్లా, వరుస చివర కిందికి దిగడమెట్లా అని అందరూ అడిగే ప్రశ్నలే అడిగింది. చెప్పాను.

ఊళ్ళో చూపు లేని పిల్లలకు పుస్తకాలు అచ్చువేసే కేంద్రం ఒకటి ఉంది. మొదటి కాగితం అక్కడ వేయించాం. బొమ్మ నిలువునా సాగిపోయింది, కొండ గోపురంలా లేచింది. బ్రెయిలీ గది వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ, ఆ సంగతి లెక్కలో వేసుకోలేదు. అది సరిచేసి రెండోది వేయించి, ల్యాబ్‌లో ఆమె బల్ల మీద పెట్టాను.

ఎడమ అంచున రెండు చేతుల వేళ్ళూ పెట్టి కుడివైపు జరుపుకుంటూ పోయింది. చివరికి చేరి, మళ్ళీ మొదటికి వచ్చింది. మూడోసారి కూడా అయ్యాక తలెత్తింది.

"కొండకు మొన ఏది సార్?"

వాళ్ళ బడిలో కొండంటే మట్టితో చేసిన ముద్ద, పైన మొన తేలి ఉండేదట. ఇదేమో గోడ మాదిరి పొడుగ్గా పోతూనే ఉందంది. తిరుపతి నుంచి చూస్తే ఆ కొండకు నిజంగానే మొన లేదు. చిన్నప్పటి నుంచి తిరుపతికి వచ్చినప్పుడల్లా చూస్తున్న కొండ అది.

కుడి వైపు ఒక చోట ఆమె వేలు మళ్ళీ మళ్ళీ ఆగుతోంది. ఈడ కొంచెం దిగి మళ్ళా లేస్తాంది, ఏముండాది ఈడ, అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఫొటో మరకేమోనని అనుమానం కూడా వచ్చింది. సంగతేమిటో చూద్దామని మేడ మీదికి బయలుదేరితే బ్యాచంతా వెంట వచ్చింది. గోల విని విజయకుమారి గారూ వచ్చారు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అందరం ఉత్తరంగా చూశాం. ముందు షబానాకు కనిపించింది. "ఉండాది సార్! ఆ రాతి అంచు పక్కన!" ఎవరో ఒక ముక్క కొరికి తీసినట్టు గట్టు మీద చిన్న పల్లం. ఇంతమందిమి రోజూ దాని కిందే తిరుగుతూ ఎన్నడూ గమనించనిది. మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడిన మునిలక్ష్మి, ఉందా లేదా అని అడుగుతోంది. ఉంది తల్లీ అని విజయకుమారి గారే జవాబిచ్చారు. మినహాయింపు మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

ఒక శనివారం నాయన వచ్చినప్పుడు మునిలక్ష్మి ఆ కాగితాన్ని ఆయన చేతికిచ్చి తడిమించింది. ఆయన కాసేపు తడిమి, కాసేపు చూసి, "బాగుండాది గానీ, మన కొండ ఇట్లుండదమ్మా," అన్నాడు. ఆమె ముఖం మారింది. యాడ తప్పు చేసినానని నన్నడిగింది.

"తప్పు గాదు పాపా," అన్నాడాయన. "ఇది ఈడ నుంచి సూసిన కొండ. మనూరి కాడ నుంచి సూస్తే ఇంత ఎత్తుండదు. సన్నంగా, దూరంగా, గీత మాదిరి కనపడతాది."

"ఒకటే కొండ కదా నాయనా? ఊరికో రకంగా ఉంటాదా?"

దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నగా కనిపిస్తుందని ఆమె పుస్తకంలో చదివింది. దాన్ని మాటగానే ఉంచుకుంది తప్ప అదెలా ఉంటుందో ఆమెకు అందలేదు. ఆ పై వారంలో షబానా రేణిగుంట నుంచి ఒక ఫొటో, మునిలక్ష్మి నాయన పక్కింటివాళ్ళ ఫోన్‌తో పొలం గట్టు నుంచి ఇంకొకటి తీసి పంపారు. ప్రోగ్రాం అదే, ఫైలు పేరు మాత్రం మారింది. మూడు కాగితాలూ పక్కపక్కన పరిచి, మునిలక్ష్మి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వేళ్ళు పోనిచ్చింది. వడమాలపేట కాగితం మీద కొండ రెండు వరుసలకు మించి లేదు. దాని మీద అరచెయ్యి ఆనించింది.

"చూసేవాళ్ళకు రోజూ ఇట్లే ఉంటాదా సార్? నడిస్తే కొండ కూడా మారతా ఉంటాదా?"

అవునన్నాను. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

పరీక్ష రోజు మునిలక్ష్మికి ఇమేజ్ చీటీ రాలేదు, డేటా వచ్చింది. సులువుగానే చేసింది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎగ్జామినర్ మొహమాటపడుతూనే ఇమేజ్ అంటే ఏమిటని అడిగారు. "వరుసల్లో పేర్చిన అంకెలు సార్. ఎవరు యాడ నిలబడి తీసినారనేది కూడా ఆ అంకెల్లోనే ఉంటాది," అంది. ఆయన రెండో ప్రశ్న వేయకుండా మార్కులు వేశారు. డిప్లొమా అయ్యాక ఆమె ఇంజనీరింగ్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరింది. నేను ఉద్యోగ విరమణ చేసి చిత్తూరులో స్థిరపడ్డాను.

మునిలక్ష్మి బ్యాచ్ తర్వాత, ఉద్యోగంలో మిగిలిన కాలమంతా ల్యాబ్‌లో ఒక పద్ధతి మార్చాను. ఫొటో తెరవగానే దాన్ని తెర మీద చూపించే ప్రోగ్రాం వాక్యాన్ని మొదటి రోజు ఎవరికీ నేర్పలేదు. ముందు ఒక నిలువు వరుస అంకెలు చదివించేవాణ్ణి, అందులో ఎక్కడ ఏమి మారిందో చెప్పించేవాణ్ణి. చూపున్న పిల్లలు మొదట విసుక్కునేవారు. కానీ బొమ్మను ముందే చూసినవాడు అంకెల్ని చదవడు, అందులో ఏముందో తనకు తెలుసనుకుంటాడు. అంకెల నుంచి మొదలుపెట్టినవాళ్ళు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు, వాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు తక్కువ ఉంటాయి. ఈ పాఠం సిలబస్‌లో లేదు. చేయించి చూసి చెబుతున్నాను.