వరద రోజున పాత సామాన్ల బండి

వరద వచ్చిన రోజు కూడా మా అత్త పాత సామాన్లు కొనడానికి బయల్దేరిందని చెప్పుకుంటారు. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెడుతుంటే, "పాత ఇనుము కొంటాం" అని మైకు మోగించిందట. దర్జీ తాతయ్య కుట్టు మిషన్ని కూడా ఇనుము కింద వేసుకుపోయిందట. కిరాణా కొట్టు పిన్నికి ఈ కథ మొదలుపెడితే తూకం వేస్తున్న పొట్లం కూడా గుర్తుండదు.

"నా కళ్లతో చూశానమ్మా! మిషను కాళ్లు పైకి పెట్టుకుని పోతోంది బండిలో. నాకేం కల వచ్చిందా?"

ఆమె చూసిన మాట నిజమే. అందుకే నాకు ఒళ్లు మండుతుంది. మొత్తం అబద్ధమైతే కాదని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. సగం నిజానికి ఏం జవాబు చెప్పాలి? అసలే నాకు నలుగురిలో నోరు పెగలదు. సరుకులు తీసుకుని తలవంచుకుని వచ్చేస్తాను.

అత్త మా నాన్న చెల్లెలు. తొమ్మిదో తరగతిలో నా బడి ఆగిపోయినప్పటి నుంచి నేను ఆమె దగ్గరే ఉంటున్నాను. మామయ్య పోయాక ఆయన ట్రాలీ ఆటోని తనే నడపడం నేర్చుకుంది. వీధులు తిరిగి అట్టలు, సీసాలు, ఇనుము కొనుక్కొస్తుంది. ఇంటి పక్కన రేకుల షెడ్డులో నేను వాటిని వేరు చేస్తాను. మా ఇల్లు పల్లపు వీధిలో చిట్టచివరిది. దాని తర్వాత ఇక మురుగు కాలువే.

బండి మీద మైకు ఉంది. అందులో అత్త గొంతే రికార్డు చేసి పెట్టాం. "పాత ఇనుము, పాడైన ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు కొంటాం తల్లీ!" ఆ గొంతు వినిపిస్తే చాలు, స్నానం చేస్తున్నవాళ్లు కూడా తువ్వాలు చుట్టుకుని చిల్లు బకెట్‌తో గుమ్మంలోకి వచ్చేస్తారు.

మైకు ఉంది కదా అని, వానాకాలంలో వాతావరణ హెచ్చరికలు చదివే పని కూడా వార్డు ఆఫీసు వాళ్లు అత్తకే అంటగట్టారు. అత్త కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి కాగితం ముందు నేను ఒకసారి చదివి వినిపిస్తాను. ఆ మాటలు నాకిప్పుడు నిద్రలో కూడా వస్తాయి: రాగల ఇరవై నాలుగు గంటల్లో ఈ ప్రాంతంలోని కొన్ని చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు, ఉరుములతో కూడిన ఈదురుగాలులు. లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను.

"కొన్ని చోట్ల అంటే ఏ చోట్ల బాబూ?" అని అత్త గుమాస్తాని అడిగింది.

"పైనుంచి అలాగే వచ్చింది. ఒక్క ముక్క మార్చకుండా చదవాలి."

"పల్లపు వీధి అని ఒక్క మాట కలపనివ్వు. తమ గురించే అనుకుంటే వింటారు."

"కలిపితే నీ పనీ పోతుంది, నా పనీ పోతుంది."

"పోనీ అప్రమత్తంగా అంటే ఏం చెయ్యమని? ఇంట్లో ఉండమనా, వెళ్లిపొమ్మనా?"

"అప్రమత్తంగా ఉండమని," అన్నాడు గుమాస్తా, కంప్యూటర్లోంచి తల తిప్పకుండా.

ఆ వానాకాలంలో అప్పటికే రెండుసార్లు ఎర్ర హెచ్చరిక వచ్చింది. రెండుసార్లూ వీధంతా మెరక మీది బడికి వెళ్లి, బెంచీల మీద ముడుచుకుని పడుకుని, దోమలతో కుట్టించుకుని తిరిగొచ్చింది. చినుకు రాలలేదు. తిట్లు మాత్రం మా అత్త మీద కుండపోతగా కురిశాయి.

మూడోసారి మైకు పట్టుకునేసరికి ఆ కసంతా తీర్చుకున్నారు.

"మొన్న పసుపన్నావు, నిన్న నారింజన్నావు, ఇవాళ ఎరుపు. గోడలకి రంగులేయిస్తున్నారా వదినా?"

"అక్కా, నువ్వు వానంటే ఎండ కాస్తుంది. ఉండు, దుప్పట్లు ఉతుక్కొస్తా."

ఒకాయన హెచ్చరిక మధ్యలోనే తుప్పుపట్టిన ఫ్యాను భుజాన వేసుకుని వచ్చాడు. "దీనికెంతిస్తావు?"

"నేను చెప్పేది తుఫాను గురించయ్యా, నీ ఫ్యాను గురించి కాదు!"

"మరి వచ్చింది ఇదే బండి కదా!"

అత్త మైకు కట్టేసి స్టీరింగు మీద తల ఆనించి కూర్చుంది. "నా గొంతుకి ఇనుము అంటుకుపోయిందే," అంది నాతో. "ఇందులో ఏం చెప్పినా వీళ్లకి డొక్కు బకెట్లే కనిపిస్తాయి."

మా దగ్గర తుంపర తప్ప ఏమీ లేదు. ఎగువన మాత్రం రాత్రంతా కురిసిందని టీవీలో చూపిస్తున్నారు. మధ్యాహ్నం నేను షెడ్డులో సీసాలు ఏరుతూ కాలువ వైపు చూశాను. ఎప్పుడూ నది వైపు కొట్టుకుపోయే చెత్త ఆ రోజు మా వైపు ఎదురొస్తోంది. ఒక రబ్బరు చెప్పు నెమ్మదిగా తిరుగుతూ వచ్చి మా మెట్టు దగ్గర ఆగింది.

పరుగెత్తి అత్తకి చెప్పాను. ఆమె ఆఫీసుకి ఫోన్ చేసింది.

"కొత్త సమాచారం రాలేదమ్మా. ఇచ్చిందే మళ్లీ చదువు," అన్నాడు గుమాస్తా.

అత్త ఫోన్ సీటు మీదికి విసిరికొట్టింది. వీధి పొడవునా మూసిన తలుపులను చూసింది. "వానంటే తలుపులేసుకుంటారు. సామాన్లంటే లేచొస్తారు. సరే, అలాగే పిలుస్తా," అని పాత రికార్డు నొక్కింది.

"పాత ఇనుము, పాడైన ఫ్యాన్లు..."

తలుపులు తెరుచుకున్నాయి. బకెట్లు, కుర్చీలు, మూత లేని కుక్కర్లు పట్టుకుని జనం బయటికొచ్చారు. అత్త మైకు ఆపేసి బండి ఎక్కి నిలబడింది.

"మీ సామాన్లు నాకొద్దు! అటు చూడండి, కాలువ వెనక్కి వస్తోంది! పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని బడికి నడవండి. నన్ను రేపు తిట్టుకుందురు గాని!"

అప్పటికే చివరి ఇళ్ల ముందు నీళ్లు మెరుస్తున్నాయి. ఒకామె చేతిలోని కుర్చీ అక్కడే వదిలేసి పిల్లాణ్ని చంకనేసుకుంది. "మోసం చేసి పిలుస్తావా?" అని అరుస్తూనే ఫ్యాను ఆయన తల్లిని భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

"అత్తా, ముందు మన ఇల్లు సర్దుదాం. పొయ్యి, బట్టల పెట్టె అయినా ఎక్కిద్దాం," అన్నాను.

"నడవలేనివాళ్లు ముందు. మనది తర్వాత చూద్దాంలే."

ముసలివాళ్లను బడి దగ్గర దించి వచ్చేసరికి వీధి ఖాళీ అయింది. దర్జీ తాతయ్య మాత్రం మిషను ముందు కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు పట్టేసిన మామ్మ పక్కన మంచం మీద ఉంది.

"నేను రాను. రెండుసార్లు మీ మాట విని పోతే, కుట్టమని వచ్చినవాళ్లు తలుపుకి తాళం చూసి ఇంకో దర్జీ దగ్గరికి పోయారు. ఈ మిషను మునిగాక నేను బతికి ఏం కుట్టను?"

"మరి మామ్మ సంగతో?" అంది అత్త.

"నేను చెప్తే వింటాడా తల్లీ?" అంది మామ్మ. "పెళ్లినాటి నుంచీ నాకంటే దాని పక్కనే ఎక్కువ కూర్చున్నాడు."

"మిషను వస్తే నువ్వొస్తావా తాతయ్యా?"

"వస్తాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

పోత ఇనుము స్టాండు. ముగ్గురం కలిసినా లేవలేదు. అత్త ఎవరెవరినో తిడుతూ, ఏడుస్తూ, దాన్ని తలకిందులు చేసి చెక్క పలక మీద ఈడ్చి బండిలోకి నెట్టింది. మామ్మను ఎత్తి, తాతయ్యను ఎక్కించి, దాని పక్కన కూర్చోబెట్టాం. అప్పటికి వాన మొదలైంది. ఇద్దరి మీదా, మిషను మీదా టార్పాలిన్ కప్పాం. మిషను కాళ్లు మాత్రం దాని కింద పట్టలేదు. బడికి వెళ్లే దారిలో కిరాణా కొట్టు పిన్ని చూసింది ఆ కాళ్లనే.

మేము తిరిగి వచ్చేసరికి వీధి మొదట్లోనే నీళ్లు చక్రాల పైకి వచ్చాయి. బండి ఆగిపోయింది. అత్త దిగి, నడుము లోతు దాకా నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చేసింది. చివరన మా షెడ్డు రేకు ఒకటి లేచి, పడి, మళ్లీ లేచింది.

నీళ్లు తీశాక దర్జీ తాతయ్యను, మామ్మను కూతురు వచ్చి బడి నుంచే తన ఊరికి తీసుకెళ్లింది. మిషను కూడా వాళ్లతోనే వెళ్లింది. దాంతో మా వీధిలో మిషను మళ్లీ కనబడక, అది ఇనుము కింద పోయిందన్న కథ కుదిరిపోయింది. ఇచ్చిన కాగితం చదవకుండా హెచ్చరిక వేళ సొంత వ్యాపారం చేసిందని ఆఫీసు వాళ్లు అత్తను ఆ పని నుంచి తీసేశారు. కొత్తాయన చక్కగా, ఒక్క ముక్క మార్చకుండా చదువుతున్నాడు.

"ఒక్కసారి పిన్నికి చెప్పొచ్చు కదా అత్తా," అంటే, "చెప్తే మాత్రం వినేదెవరే?" అని విసుక్కుని బండి తీస్తుంది.

ఆ రోజు బండిలో ఏమేం పోయాయో పిన్ని ఇప్పటికీ అందరికీ చెబుతోంది. మా ఇంట్లోంచి అందులోకి ఒక్క చెంచా కూడా ఎక్కలేదు.